పేజీ కదిలిన చోటు

మొదట ఒక గొణుగుడు. నేల అడుగున ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు, ఎక్కడో తూర్పున, సన్నగా. తరువాత అది మూలుగైంది. మూలుగు రొద అయింది. స్టవ్ మీది గిన్నె మూత టకటకలాడింది. సొరుగులోని చెంచాలు ఒకదానికొకటి తగిలి కలవరపడ్డాయి. వ్యాన్‌లో వెనుక పరుపు మీద పడుకున్న స్త్రీ కళ్లు తెరవలేదు, ఊపిరి మాత్రం బిగబట్టింది. వరుస ట్రెయిలర్ల లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. గాలి దెబ్బకు వ్యాన్ ఒక పక్కకు ఒరిగి, మళ్లీ కుదురుకుంది. రొద పడమటికి సాగి, పలచబడి, ఎండలో కలిసిపోయింది.

"ఏ రంగు?" అని అడిగింది ఆమె, కళ్లు మూసుకునే.

"లారీయా? తెలుపు. నీలం గీతలు," అంది ఉనా, టీ వడకడుతూ.

అప్పుడు ఆమె లేచి కూర్చుంది.

ఉనా భర్త పోయాక ఒంటరిగా వ్యాన్ నడుపుకుంటూ దేశం చుట్టే మనిషి. పోర్ట్ అగస్టా ఊళ్లో, ఇల్లులాంటి బండ్లు ఆపుకునే క్యారవాన్ పార్కులో, బట్టలుతికే గదిలో, యంత్రం పైన, తన దస్తూరితో ఒక చీటీ అంటించింది: పడమటికి వెళ్తున్నాను, వంతులవారీగా వండేది, రేడియో గురించి సణగనిది తోడు కావాలి. ఆ చీటీ చూసి వచ్చిన స్త్రీ చేతిలో ఒకే ఒక సంచి ఉంది. పేరు అడిగితే కాస్త ఆలస్యంగా, జోన్ అంది. సొంత పేరు చెప్పడానికి ఎవరికీ అంత ఆలోచన అక్కర్లేదని ఉనాకు తెలుసు. తెలిసీ మళ్లీ అడగలేదు.

ఆ సంచిలో రెండు జతల బట్టలు, ఒక ఉన్ని కోటు, బూడిద రంగు అట్టలో, పుస్తకాలు తెరమీద చదివే ఒక రీడర్. ఫోనును జోన్ వంటింటి సొరుగులో వదిలి వచ్చింది. కారును ఇంటి ముందే వదిలి వచ్చింది. బ్యాంకు కార్డును చక్కెర డబ్బా కింద వదిలి వచ్చింది. రీడర్‌ను మాత్రం తెచ్చుకుంది. ఇది ఫోను కాదు కదా, పుస్తకం. పుస్తకం ఎవరిని ఏం చేస్తుంది?

ఉనా దగ్గరా అలాంటిదే ఒకటి ఉంది. మా ఆయన బతికున్నప్పుడు అలమర నిండా పుస్తకాలేసుకుని బయలుదేరేవాడు, వాటి బరువుకు ఒకసారి స్ప్రింగు విరిగి ఎడారిలో పడి ఉన్నాం, ఇప్పుడు ఆయన లేడు, పుస్తకాలూ లేవు, స్ప్రింగు మాత్రం గట్టిగా ఉంది అని ఆమె నవ్వింది. ఇద్దరూ ప్రయాణంలో మాట్లాడుకున్నది తక్కువ. ఆగినచోట మడతకుర్చీలు వేసుకుని, ముఖాలకు దోమవలలు కట్టుకుని, ఎవరి పుస్తకం వాళ్లు చదువుకునేవారు. దీపస్తంభం కాపలాదారు చెల్లెలి కథ జోన్ చదువుతున్నది. మూడు భాగాలు. మొదటిది దారిలో సెడూనా ఊరి దగ్గర అయిపోయింది.

ఆ ఉదయం టీ తాగుతూ ఆమె రీడర్ తెరిచింది. రెండో భాగం వచ్చి ఉంది. తెరమీద, మొదటి పేజీ, సిద్ధంగా.

జోన్ చేతిలోని కప్పును కింద పెట్టింది. ఇది ఎలా వచ్చిందని నెమ్మదిగా అడిగింది.

ఉనా గర్వంగా వ్యాన్ కప్పు వైపు చూపించింది. అక్కడ పళ్లెం లాంటి యాంటెన్నా ఆకాశానికి ముఖం పెట్టి ఉంది. ఆగినచోట దాన్ని పైకి పెడుతుంది, మనవరాలితో మాట్లాడుతుంది, మళ్లీ దించుతుంది. నిన్న సాయంత్రం జోన్ స్నానానికి వెళ్లినప్పుడు రీడర్ మీద తరువాతి భాగం కావాలా అని కనిపించిందట, వైర్‌లెస్ ఆపేసి ఉందట. "పాపం, పిల్ల కథ మధ్యలో ఆగిపోయిందనుకున్నా. నేనే కలిపేశా," అంది ఉనా. "ఏం, తప్పా?"

జోన్ వేలితో పేజీ తిప్పింది. రెండో పేజీలో ఒక వాక్యం కింద గీత ఉంది. *ఆమె కిటికీ మూసి, చాలాసేపు దాని దగ్గరే నిలబడింది.* ఆ గీత ఆమె గీసింది కాదు. ఈ పేజీని ఆమె చూడటం ఇదే మొదటిసారి. గీత చివర చిన్న గుర్తు ఉంది. దాన్ని తాకింది.

*మొదటి భాగం ఆఖరి పేజీలో చాలాసేపు ఆగావు. నిద్ర పట్టడం లేదా, బంగారం?*

ఉనా ఆమె భుజం మీదుగా వంగి చదివింది. ఎవరో ప్రేమగా రాసినట్టుందే అంది. మరుక్షణం జోన్ మెడ మీద నరం కొట్టుకోవడం చూసి, వెళ్లి యాంటెన్నా దించేసింది.

*

ఆ ఉదయమంతా ఉనా స్టీరింగ్ దగ్గర, జోన్ పక్క సీట్లో. చెట్టు లేని మైదానం రెండు వైపులా పరిచి ఉంది. రోడ్డు గీత గీసినట్టు ముందుకు పోతోంది. మాటలు తెగి తెగి వచ్చాయి. వాటిని ఉనా ఒక్కొక్కటే ఏరుకుంది.

భర్త పేరు రస్. ఇద్దరికీ పుస్తకాల ఖాతా ఒకటే. తను ఇక్కడ ఏ పేజీ వరకు చదివిందో, ఎప్పుడు చదివిందో, అతని ఫోనులో అక్కడ కనబడుతుంది; అతను గీసిన గీతా, రాసిన మాటా ఇక్కడ కనబడతాయి. ఇంతకాలం అది ఒక సరదా: నువ్వు నాకన్నా వెనకబడ్డావు, నేను నీకన్నా ముందున్నాను. సరదా ఎప్పుడు ఆగిందో ఆమె చెప్పలేదు. ఎడమ చేతి మణికట్టును కుడి చేత్తో పట్టుకుని, అక్కడే పట్టుకుని కూర్చుంది. అది చాలు అనుకుంది ఉనా.

"పేజీ తెలిస్తే ఊరు తెలియదుగా, అమ్మాయ్," అంది ఉనా ధైర్యం చెబుతూ.

"ఆయనకి తెలుస్తుంది. ఆయన పనే అది."

రస్ అడిలైడ్‌లో లారీల కంపెనీలో కూర్చుని బండ్లు నడిపించే మనిషి. ఆకుపచ్చ బండ్లు. చక్రం పట్టుకోడు. గోడ మీద పటం, చెవిలో ఫోను. బండి మాట్లాడినప్పుడు ఎవరైనా చెప్పగలరు అది ఎక్కడుందో. మాట్లాడనప్పుడు చెప్పగలిగినవాడు రస్ ఒక్కడు. ఎంతసేపు మౌనంగా ఉంది, మళ్లీ ఎప్పుడు పలికింది, నడిపేవాడు ఎలాంటివాడు, గాలి ఎటు వీస్తోంది, ఇవి చాలు. డ్రైవరు రోడ్డు పక్కన కునుకు తీసి లేచేసరికి, నిద్ర బాగా పట్టిందా అని పలకరించేవాడు. డ్రైవర్లు దాన్ని ఇళ్లలో కథలుగా చెప్పుకునేవారు. అందరికీ అతనంటే ఇష్టం.

నల్లార్‌బార్ దగ్గర పెట్రోలు పోయించుకోవడానికి ఆగారు. ఉనా లోపలికి వెళ్లింది. జోన్ రీడర్‌ను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వైర్‌లెస్ ఆపే ఉంది. అతనికి ఎంత తెలిసిందో తెలుసుకోవాలంటే తలుపు తీయాలి. తలుపు తీస్తే అతనికి ఇంకాస్త తెలుస్తుంది. తీయకుండా కూర్చుంటే వెనక వస్తున్న ప్రతి రొదలోనూ అతనే ఉంటాడు. పెట్రోలు బంకు గోడ మీద, ఇక్కడ వైర్‌లెస్ ఉచితం అని రాసి ఉంది. చాలాసేపు ఆ అక్షరాల వైపు చూసి, తరువాత వేలితో తాకింది.

గుర్తులు ఒకటి తరువాత ఒకటి వచ్చి వాలాయి, ఎండిన కొమ్మ మీద పిట్టల్లా.

*రాత్రంతా కదల్లేదు. పొద్దున ఒక్క పేజీ. తరువాత మౌనం. దారిలో ఉన్నావు.*

*బస్సయితే ఈపాటికి పలికేదానివి. ఎవరో నెమ్మదిగా నడుపుతున్నారు. పెద్దవాళ్లు. ఇల్లు వెంట తీసుకుపోయేవాళ్లు.*

*పడమర కదా. నీకు ఎండ కళ్లలో పడితే తలనొప్పి. టోపీ పెట్టుకో.*

ఒక్క తిట్టు లేదు. ఒక్క బెదిరింపు లేదు. పోలీసు ఎవరికైనా చూపిస్తే, అదృష్టవంతురాలివమ్మా అంటారు. ఆఖరి గుర్తును తాకుతుండగా అది ఆమె కళ్ల ముందే, ఆ క్షణమే పుట్టింది.

*నమస్తే బంగారం. నల్లార్‌బార్. అనుకున్నాను.*

*

దారిన పోయేవాళ్లు ఆగి తినే మల్లీ బోర్ రోడ్‌హౌస్‌లో మధ్యాహ్నం ఎప్పుడూ సూప్ వాసన. ముందు రాష్ట్ర సరిహద్దు ఉంది. అక్కడ తనిఖీవాళ్లు పళ్లూ కూరగాయలూ తేనే అన్నీ లాగి చెత్తలో పడేస్తారు. అందుకని పడమటికి పోయే ప్రతి క్యారవాన్‌వాడూ తన దగ్గర మిగిలిన బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ గుమ్మడి ముక్కా ఇక్కడి గంపలో వేసి పోతాడు. బెవ్ వాటన్నిటినీ ఒకే పెద్ద గిన్నెలో ఉడికిస్తుంది. వేసినవాళ్లకూ వెయ్యనివాళ్లకూ ఒకే గరిటె. ఆ సూప్‌కు ఏ రోజూ ఒక రుచి ఉండదు.

బెవ్ ఆ రోడ్‌హౌస్ యజమాని. లావుపాటి మనిషి, తెల్లజుట్టు, ముంజేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. ఉనాకు పాత పరిచయం. ఉనా గంపలో క్యారెట్లు వేస్తుండగా బెవ్ జోన్ ముందు గిన్నె పెట్టి, కళకళలాడుతూ ఏవో కబుర్లు మొదలుపెట్టింది. గాలి ఎక్కువగా ఉందని, వాన రాదని. ఇందాకే రస్ ఫోన్ చేశాడని.

జోన్ చెంచా గిన్నెలోనే ఆగిపోయింది.

ఈ రోడ్డు మీద అదొక మర్యాద. బండ్లు నడిపించేవాళ్లు రోడ్‌హౌస్‌లకు ఫోన్ చేసి, మావాడు దాటాడా, ఎలా ఉన్నాడు అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంత ఖాళీలో ఒక మనిషి ఎక్కడున్నాడో ఇంకొకరికి తెలియడమే అతని ప్రాణానికి పూచీ. బెవ్ ఏనాడూ అబద్ధం చెప్పలేదు. అందులోనూ రస్‌కు. మూడేళ్ల క్రితం అతని బండి ఇక్కడే బోల్తాపడితే, డ్రైవరు కుర్రాడిని బయటికి తీసేదాకా ఫోను పెట్టకుండా ఉన్నాడు, ఆ పిల్లవాడితో పాటలు పాడించాడు. అలాంటి మనిషికి ఇప్పుడు కష్టం వచ్చింది, భార్యకు మతి చెదిరి ఇల్లు విడిచి పోయిందట, నెమ్మదిగా పోయే వ్యాన్ ఏదైనా వస్తే చూడమన్నాడు అని బెవ్ చెబుతూ చెబుతూ, ఎదుట కూర్చున్న స్త్రీని మొదటిసారి పూర్తిగా చూసింది. కిటికీలోంచి ఉనా వ్యాన్‌ను చూసింది. చేతిలోని గుడ్డను మడిచింది.

"తల్లీ," అంది. "నువ్వేనా?"

ఉనా అడ్డుపడబోయింది. జోన్ ఆమెను ఆపింది. పారిపోవడానికి ఇక్కడ చోటు లేదు. ఎటు నడిచినా మైదానం, మైదానంలో ఎంత దూరాన నిలబడ్డా కనబడుతుంది. ఆమె సంచిలోంచి రీడర్ తీసి, గీతలున్న పేజీ తెరిచి, బల్ల మీద బెవ్ వైపు తిప్పి పెట్టింది.

బెవ్ కళ్లద్దాలు పెట్టుకుంది. ఒక్కో గుర్తునూ వేలితో తాకి, పెదవులు కదుపుతూ చదివింది. నిద్ర పట్టడం లేదా. టోపీ పెట్టుకో. ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు.

"మంచిగానే రాశాడు కదమ్మా. ఇందులో ఏముందని?"

"అవును. ఏమీ ఉండదు," అంది జోన్.

ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఎన్నోసార్లు ఎందరికో చెప్పి అరిగిపోయిన గొంతు. బెవ్ తల ఎత్తి ఆమెను చూసి, మళ్లీ తెర వైపు వంగింది. వేలు ఇంకొంచెం కిందికి జరిపింది. నల్లార్‌బార్ తరువాత ఇంకొకటి ఉంది. ఎప్పుడు వచ్చి వాలిందో, జోన్ కూడా చూడనిది.

*తరువాత మల్లీ బోర్. అక్కడ సూప్ తాగు. బెవ్ నిన్ను కూర్చోబెట్టి నాకు చెబుతుంది. నేను అడిగితే బెవ్ కాదనదు, ఏ ఒక్కసారీ కాదనలేదు.*

బెవ్ దాన్ని రెండుసార్లు చదివింది. వంటింట్లో సూప్ గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. ఆమె కళ్లద్దాలు తీసి, కొంగులాంటి ఏప్రన్ అంచుతో చాలాసేపు తుడిచింది, ముక్కు మీద వాటి అచ్చులు ఎర్రగా ఉన్నాయి.

"ఆ కుర్రాడితో పాటలు పాడించిన రాత్రి," అంది చివరికి, "నేను వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. రస్ నన్ను అడిగిందొక్కటే. సరుకు తడిసిందా అని. నేను దాన్ని మరిచిపోదామనుకున్నా." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "నేనూ ఆయన బండ్లలో ఒకదాన్నేనన్నమాట."

తరువాత జరిగినదంతా పనిలా జరిగింది. వ్యాన్‌లో ముందుకు పోతే సరిహద్దు అవతల ఏదో ఒక ఆకుపచ్చ బండి ఎదురవుతుందని జోన్ చెప్పింది. మనిషి ఇక్కడ ఆగాలి, పుస్తకం ముందుకు పోవాలి అని ఉనా తేల్చింది. ఆగినచోటల్లా వైర్‌లెస్ పెట్టి, పేజీలు తిప్పుతూ పోతుంది. సరిహద్దు దాటాక వచ్చే కాకిల్‌బిడ్డీ మజిలీలో, బట్టలుతికే గది పక్కన, దారిన పోయేవాళ్లు చదివిన పుస్తకాలు వదిలి, కొత్తవి తీసుకునే అర ఉంది. దీన్ని అందులో పెట్టి వెళ్లిపోతుంది. నీకేమైనా అవుతుందేమోనని జోన్ అంటే, ఉనా రీడర్‌ను చంకలో పెట్టుకుని, నా వ్యాన్‌లోకి తొంగిచూసే మగవాడెవడైనా వస్తే ముందు నా బూట్లు విప్పించి కాళ్లు పట్టిస్తా అంది. ఎవరూ గట్టిగా నవ్వలేదు. వ్యాన్ కదిలింది. చాలాసేపు కనబడింది. తెల్లటి మచ్చ, తరువాత మెరుపు, తరువాత ఏమీ లేదు.

సాయంత్రం ఫోను మోగింది. బెవ్ ఉన్నదున్నట్టు చెప్పే గొంతుతోనే చెప్పింది: తెల్ల వ్యాన్, ఇద్దరు ఆడవాళ్లు, సూప్ తాగారు, సరిహద్దు వైపు పోయారు. అవతలివాడు కృతజ్ఞతలు చెప్పాడు. ఫోను పెట్టేశాక బెవ్ వెళ్లి సూప్ గిన్నె కింద మంట తగ్గించింది.

*

మరునాడు జోన్ వంటింట్లో కూర్చుని కూరగాయలు తరిగింది. వెనకవైపు పనివాళ్ల రేకుల గదిలో ఆమెకొక మంచం దొరికింది. కత్తి పట్టుకున్న చేయి స్థిరంగానే ఉంది, కాని బయట బండి ఆగిన ప్రతిసారీ కత్తి సగంలో ఆగేది. బెవ్ ద్వారం దగ్గరికి వెళ్లి చూసి వచ్చి, రంగు మాత్రం చెప్పేది. ఎరుపు. తెలుపు. పసుపు. కత్తి మళ్లీ కదిలేది.

ఒకసారి ఆకుపచ్చ అంది. ఆ డ్రైవరు టీ తాగాడు, మాంసం రొట్టె తిన్నాడు, పక్క గదిలోంచి అతని దగ్గు వినిపించింది. బెవ్ అతనితో వాన గురించి మాట్లాడింది. అతను బెవ్‌తో వాన గురించి మాట్లాడాడు. జోన్ బంగాళాదుంపల గంప వెనక నేల మీద కూర్చుని, తన చెప్పుల వైపు చూస్తూ, ఆ మాటలన్నీ ఎప్పుడు అయిపోతాయా అని వింది. అయిపోయాయి. ఇంజను గర్జించి తూర్పుకు పోయింది.

మధ్యాహ్నం ఫోను మోగింది. వంటింటి గోడకు ఉన్న పాత ఫోను, అవతలి గొంతు చెవిలో కన్నా గదిలోనే ఎక్కువ వినబడుతుంది. జోన్ ఆ గొంతును చాలా రోజుల తరువాత వింది. చల్లగా, దగ్గరగా ఉంది. గోడ అవతల నిలబడినట్టుంది.

సరిహద్దు దాటగానే యూక్లాలో పేజీలు కదిలాయని చెప్పాడు. ఆ తరువాత మాడూరాలో కదిలాయి. దారి సరిగానే ఉంది, సమయం సరిగానే ఉంది. కాని ఒకటి బాగాలేదన్నాడు.

"వేగం, బెవ్. ఆమె అంత వేగంగా చదవదు. ఒక్కో పేజీ దగ్గర ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు. ఇన్నేళ్లూ చూశాను. ఈ చదివేది ఆమె కాదు."

జోన్ కత్తిని బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టింది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. అన్నీ దాచింది, పేరు దాచింది, ముఖం దాచింది, తన చదువు వేగాన్ని దాచాలని మాత్రం ఎవరికి తోస్తుంది? ఉనా నవలను పరుగెత్తించే మనిషి, కొస కోసం తహతహలాడే మనిషి. తనేమో ఒక్కో వాక్యం దగ్గర నిలబడిపోతుంది. ఆ నిలబడటం అతనికి వేలిముద్ర.

"బెవ్? ఉన్నావా?"

బెవ్ గరిటెను గిన్నె అంచుకు తట్టి, మిగిలిన చుక్కలు రాల్చి, పక్కన పెట్టింది.

"ఉన్నాను, రస్. నువ్వు పేజీల సంగతి తెలిసినవాడివి, నాకు తెలియదు. కాని నిన్న నేను ఆమె ముఖం చూశాను. భయపడిన మనిషి చదవదు. పేజీలు తిప్పుతుంది, అంతే."

అవతల మౌనం. అది ఏ రకం మౌనమో ఈ గదిలో తెలిసినది ఒక్కరికే. అతను పటం ముందు నిలబడి ఉంటాడు, పెన్ను మూతను బొటనవేలితో తెరుస్తూ మూస్తూ. నమ్మకపోతే వెంటనే నవ్వుతాడు. నవ్వలేదు. తనకు అతనంటే ఎంత భయమో మరొకరి నోట వినడం అతనికి ఎంత ఇష్టమో జోన్‌కు తెలుసు. ఆమె కళ్లు మూసుకుంది.

"అవును," అన్నాడు అతను, చాలా మెత్తగా. "పాపం. భయపడుతూ ఉండి ఉంటుంది." తరువాత, కాగితం కదిలిన చప్పుడు. "రోడ్డు కొసన, నోర్స్‌మన్‌లో మా బండి ఉంది. అక్కడ ఆపిస్తాను. నీ మేలు మరిచిపోను, బెవ్."

ఫోను కొక్కేనికి తగిలింది. బెవ్ దాన్ని వదలకుండా అలాగే పట్టుకుని నిలబడింది. తరువాత మళ్లీ ఎత్తి, వరుసగా అంకెలు నొక్కింది. కాకిల్‌బిడ్డీలో తనకు తెలిసిన ఆడమనిషి ఉంది. ఉనా వ్యాన్ రాగానే ఆపి, పుస్తకం అక్కడే వదిలి, నోర్స్‌మన్ పోకుండా రెండు రోజులు ఉండిపొమ్మని చెప్పమంది. ఎందుకని అవతలి మనిషి అడిగినట్టు లేదు. అవతలివైపు నుంచి ఒక్క ఊఁ వినబడింది. ఇంతకాలం ఒక్కడి కోసం పలికిన తీగలు అవే. ఆ వంటింట్లో, ఉల్లిపాయ ఘాటులో, అవి మొదటిసారి వేరొకరి కోసం పలికాయి.

బెవ్ వచ్చి జోన్ ఎదుట కూర్చుంది. తరిగిన దుంపలను ఒక చేత్తో గిన్నెలోకి తోసింది. ఇద్దరి మధ్యా బల్ల మీద తడి. బయట ఎక్కడో దూరంగా ఒక బండి వస్తోంది, ఇంకా రంగు తెలియదు.

"నిన్నటినుంచీ నిన్ను జోన్ అంటున్నా. నువ్వు ఒక్కసారి కూడా మొదటి పిలుపుకు పలకలేదు," అంది బెవ్. "ఆయన నాకు ఫోనులో నీ పేరు చెప్పాడు. పలికినప్పుడల్లా తన వస్తువును పిలిచినట్టు పలికాడు. అది నా నోటితో నేను అనలేదు, అనను. నీకు ఇష్టమైతే నువ్వే చెప్పు. లేకపోతే జోనే. గిన్నెకు ఏ పేరైతేనేం, సూప్ ఉడుకుతుంది."

జోన్ దుంప తొక్కను వేలికి చుట్టింది. విప్పింది. బండి దగ్గరపడుతోంది. ఈసారి ఆమె రంగు అడగలేదు. ఎన్నాళ్లుగానో అతని గొంతులో మాత్రమే విన్న ఆ మాటను, నోట్లో ఉందో లేదో చూసుకుంటున్నట్టు, పెదవులు ఒకసారి చప్పుడు లేకుండా కదిపి చూసింది. తరువాత తల ఎత్తి పైకే అంది.

"కోరలీ."